మాటదారం

ముప్ఫై రెండేళ్ళుగా జాకెట్లు కుడుతున్న శేషారత్నానికి లోకంలో ఒక్క మాటంటే ఒళ్ళుమంట. ఆ మాట 'బాగుంది'.

కుట్టిన జాకెట్టు తొడుక్కుని, అద్దం ముందు అటు తిరిగి ఇటు తిరిగి, ప్రతి ఆడమనిషీ అనే మాట అదే. బాగుంది రత్నమ్మగారూ అంటారు, నవ్వుతారు, సంచిలో పెట్టుకుని వెళ్ళిపోతారు. కొందరు మళ్ళీ వస్తారు, కొందరు రారు. రానివాళ్ళు ఎందుకు రాలేదో ఎవరూ చెప్పరు. ఏ పెళ్ళిలోనో ఎదురుపడితే, వేరేచోట కుట్టించుకున్న జాకెట్టు కనపడకుండా పైట కప్పుకుని, ఎంతైనా మీ కుట్టే కుట్టండీ అంటారు. మొహమాటం మనవాళ్ళకి పుట్టుకతో వచ్చిన జబ్బు. ఎదుటిమనిషి మనసు నొప్పించడానికి నోరు రాదు గానీ, ఆ మనిషి దుకాణం మూతపడితే అయ్యో పాపం అనడానికి మాత్రం వస్తుంది.

చీరాలలో గడియారస్తంభం వెనక సందులో ఉంది 'రత్నం లేడీస్ టైలర్స్'. ఆ ఏడు సందు మొదట్లో మూడంతస్తుల రెడీమేడ్ షోరూము వెలిసింది. ఊళ్ళో దుకాణాలకి జనం చుక్కలు వేసే పట్టిక ఒకటి అప్పటికే అందరి ఫోన్లలోనూ ఉంది. కొత్తగా ఊళ్ళోకొచ్చిన కోడళ్ళయినా, ఉద్యోగాలకొచ్చిన అమ్మాయిలయినా, ఆ పట్టిక చూడందే ఏ గుమ్మమూ తొక్కడం లేదు. షోరూమువాళ్ళు అయిదు చుక్కలు వేసినవాళ్ళకల్లా ఒక పర్సూ ఒక దువ్వెనా పంచిపెట్టి, నెల తిరక్కుండా నాలుగు వేలమంది చేత బాగుంది అనిపించుకున్నారు. రత్నం లేడీస్ టైలర్స్ పేరు కింద మాట రాసినవాళ్ళు పదకొండుమంది. అందులో ముగ్గురు శేషారత్నం తోడికోడళ్ళు.

ఇట్లాగే పోతే రెండేళ్ళలో తన కుట్టు ఊరికి గుర్తుండదని ఆమెకి తెలుసు. ఆమె భయం అదొక్కటే. తిండికి లోటులేదు, కూతురు సంపాదిస్తోంది. పేరు మాత్రం తను కుట్టుకున్నది.

కూతురు హైమ గుంటూరులో ఒక నేత పరిశోధనాలయంలో పనిచేస్తుంది. ఒక శనివారం ఇంటికొచ్చి, బ్యాగులోంచి ఒక దారపు ఉండా, కుంకుమభరిణె అంత పెట్టే తీసి మిషను మీద పెట్టింది. తల్లి జాకెట్టుకి చంక కింద, వీపు మీద ఆ దారంతో చెరొక వరస కుట్టి, గంటసేపు మామూలుగా పనిచేసుకోమంది. శేషారత్నం రెండు జాకెట్లకి చేతులు అతికింది. గంట కాగానే భరిణె కిర్రుమని చిన్న చీటీ కక్కింది.

'కుడి చంక దగ్గర పట్టేస్తోంది. ఎడమ భుజం అలిసింది. వంగినప్పుడల్లా ఊపిరి బిగబడుతోంది.'

శేషారత్నం చీటీని రెండుసార్లు చదివి, కుడిచెయ్యి పైకెత్తి చూసుకుంది. నిజమే, పట్టేస్తోంది. తను కుట్టి తను తొడుక్కునే జాకెట్టు తనకే కుదరలేదని తెలియడానికి ముప్ఫై రెండేళ్ళు పట్టింది.

నూలుపోగు లోపల వెంట్రుకకన్నా సన్నని తీగ ఉందనీ, ఒంటి సాగుదలా, వెచ్చదనమూ, నాడీ అది గుర్తుపెట్టుకుంటుందనీ, సందు దాటనంత దూరంలో ఉంటే ఆ గుర్తులన్నీ భరిణె చదివి, ఏ జాకెట్టుదో అంకె వేసి, మాటల్లో పెడుతుందనీ హైమ చెప్పింది. మాటదారం అని పేరు పెట్టుకుంది. పరీక్షకి ఇరవైమంది ఆడవాళ్ళు సంతకాలు చేసి ఒప్పుకున్నారు, వాళ్ళ జాకెట్లు తల్లే కుట్టాలి. ఎవరి చీటీ వాళ్ళకే ఇస్తారు. మిగిలిన దారం గజంతో సహా వెనక్కి ఇచ్చెయ్యాలి. ఈ చివరి ముక్క హైమ రెండుసార్లు చెప్పింది. తల్లి రెండుసార్లూ తలూపింది.

ఇరవై జాకెట్లూ అయ్యాక, హైమ పరీక్షకని ఇచ్చిన డబ్బాలో రెండు ఉండలు మిగిలాయి. అదే సమయానికి మాఘమాసం వచ్చిపడింది. పెళ్ళిళ్ళ జాకెట్లు నలభై ఒకటి బల్ల మీద గుట్టపడ్డాయి. శేషారత్నం చెయ్యి మామూలు దారం మీదికి వెళ్ళి, ఆగి, ఆ డబ్బా వైపు తిరిగింది. దారం వేసేది దర్జీ, ఏ దారం వెయ్యాలో కుట్టించుకునేవాళ్ళని ఎప్పుడైనా అడిగామా అనుకుంది. తప్పు చెయ్యాలనుకున్నప్పుడు మనిషికి న్యాయాలు ఎక్కడలేనన్ని తడతాయి.

సందుకి ఆ చివర కల్యాణమంటపం. మొదటి ముహూర్తం రోజున భరిణె పొద్దుటినుంచీ కిర్రుమంటూనే ఉంది. శేషారత్నం ఇంత అన్నం నోట్లో వేసుకోవడం కూడా మరిచిపోయి చీటీలు చదువుకుంది. నాగరత్తమ్మగారికి వీపు హుక్కు గుచ్చుకుంటోంది. పెళ్ళికూతురి మేనత్తకి మెడ జారుతోంది. మిగతావన్నీ హాయి, హాయి, హాయి. ముప్ఫై రెండేళ్ళలో మొదటిసారి ఆమెకి 'బాగుంది'లో నిజమెంతో తెలిసింది. నూటికి ఎనభైపాళ్ళు నిజం. కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇంత గర్వం ఆమెకి కూతురు పుట్టినరోజున కూడా కలగలేదు.

తర్వాత రెండు నెలలూ ఆమెదే రాజ్యం. మళ్ళీ వచ్చినవాళ్ళకి అడక్కుండానే చంక వదులు చేసేది, మెడ పైకి తీసేది. చెప్పకుండానే ఎట్టా తెలిసిందని వాళ్ళు ముక్కు మీద వేలేసుకుంటే, కుట్టే చేతికి తెలవదా అని నవ్వేది. పట్టికలో ఆమె పేరు కింద మాటలు పెరిగాయి. హైమకి మాత్రం చెప్పలేదు.

సుభాషిణి మునిసిపల్ బాలికల బడిలో టీచరు, ఆ నలభై ఒక్కమందిలో ఒకతె. రోజూ ఆ సందులోంచే బడికి వెళ్తుంది, శేషారత్నాన్ని పిన్నీ అని పిలుస్తుంది. చైత్రంలో ఒకరోజు ఆమె గుమ్మం దాటి వెళ్ళగానే భరిణె చీటీ ఇచ్చింది.

'ఛాతీ మూడు వారాల్లో అంగుళం పెరిగింది. నాడి వేగం పెరిగింది. పొద్దుటిపూట పదేపదే వంగుతున్నారు.'

భరిణెకి తెలిసింది అంతవరకే. మిగతాది శేషారత్నానికి తెలుసు. ఆ అమ్మాయి జాకెట్లని నాలుగేళ్ళలో రెండుసార్లు వదులు చేసింది. రెండుసార్లూ మూడు నెలలు తిరక్కుండానే మళ్ళీ బిగించింది. ఎందుకని అడగలేదు, ఆ అమ్మాయీ చెప్పలేదు. కుట్లు విప్పేటప్పుడు తెలిసిపోయేవి కొన్ని ఉంటాయి. ఈసారి నిలవాలని దేవుడికి దణ్ణం పెట్టుకుని, సుభాషిణి కొత్త జాకెట్టుకి రెండు పక్కలా లోపల రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ మడిచి వదిలింది.

ఆదివారం సుభాషిణి జాకెట్టు తీసుకోవడానికి వచ్చింది. వెంట అత్తగారు రాజ్యలక్ష్మమ్మ ఉంది. శేషారత్నం జాకెట్టు మడత విప్పి లోపలి గుడ్డ చూపించింది.

"ఇదుగో, రెండు వేళ్ళ గుడ్డ వదిలానమ్మా. ముందు నెలల్లో పనికొచ్చుద్ది. ఈసారి ఏం బెంగపెట్టుకోమాక."

దుకాణంలో ఇంకా ముగ్గురు ఆడవాళ్ళున్నారు. అందరూ తలలెత్తారు. రాజ్యలక్ష్మమ్మ ముందు అర్థంకానట్టు చూసింది, తర్వాత కోడలి మొహం చూసింది, అర్థమయ్యాక కోడల్ని దగ్గరికి తీసుకుంది. ఆ వెంటనే ఆవిడ కళ్ళల్లో సంతోషం పక్కనే ఇంకోటి కనిపించింది. కోడలి కడుపు సంగతి దర్జీకి తెలిసింది, తనకి తెలియలేదు. చీర కొంగు సర్దుకుని మెల్లగా మెట్లు దిగిపోయింది.

సుభాషిణి కదల్లేదు. మొహంలో రక్తం లేదు.

"నేను మీకు చెప్పలేదు కదండీ" అంది.

పిన్నీ అనలేదు. శేషారత్నానికి ఆ 'అండీ' సూదిలా దిగింది.

"అయిదో నెల వచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దనుకున్నాం. తర్వాత మా అత్తయ్యని కూర్చోబెట్టి నా నోటితో నేను చెప్పాలని. రెండుసార్లు ఆవిడకి చెడ్డ కబురే చెప్పాను. ఈ ఒక్క మంచి మాటా నేనే చెప్పుకోవాలనుకున్నాను. మీకెవరు చెప్పారు?"

శేషారత్నం చూపు భరిణె మీదికి పోయింది. సుభాషిణి చూపు కూడా దాని మీదికే పోయింది. జాకెట్టు బల్ల మీద వదిలేసి ఆ అమ్మాయి వెళ్ళిపోయింది.

సూది కోసం సోదికెళ్తే పాత బాగోతం బయటపడిందని సామెత. శేషారత్నం వెళ్ళింది తన కుట్టు సంగతి తెలుసుకోవడానికే. బయటపడింది మాత్రం ఇంకొకరి కడుపులో దాచుకున్న ఆశ.

ఆ పూట మిషను తొక్కలేదు. హైమకి ఫోను చేసి అంతా చెప్పేసింది. మర్నాడు పొద్దున మొదటి బస్సుకి హైమ దిగింది. అరుస్తుందనుకుంటే అరవలేదు. కుర్చీ లాక్కుని తల్లి ఎదురుగా కూర్చుంది.

"వాళ్ళకి మంచే చేశాను గదే. చంక పట్టుద్దని నోరు తెరిచి చెప్పుకోలేని వాళ్ళకి..."

"చెప్పుకోకపోవడం కూడా వాళ్ళ ఇష్టమేనమ్మా. కుట్టు నీది, దారం నాది. లోపల కొట్టుకునే గుండె వాళ్ళది. దాని మాట వాళ్ళనడిగి తీసుకోవాలి."

శేషారత్నం మంచి చెయ్యాలనుకున్నమాట నిజం. కానీ అంతకన్నా ముందు తన కుట్టు బాగుందని వినాలనుకున్నమాట ఇంకా నిజం. తనకి తెలిసిన దొంగల్లో ఎవరూ తమని దొంగలనుకోలేదు, తనూ అనుకోలేదు.

భరిణె తీసుకుని ఇద్దరూ కలిసి గుంటూరు వెళ్ళారు. పరిశోధనాలయంలో పెద్దావిడ డాక్టర్ మేరీ విమల. ఆవిడ గదిలో ఇరవైమంది ఒప్పందపత్రాలు ఒక ఫైల్లో ఉన్నాయి. చదువురానివాళ్ళకి చదివి వినిపించి వేలిముద్ర తీసుకున్నట్టు ప్రతి దాని మీదా రాసి ఉంది. హైమ నిలబడి, ఒక్క ముక్క దాచకుండా చెప్పింది. దారం భద్రపరచకపోవడం తన తప్పని ముందు చెప్పి, ఆ తర్వాతే తల్లి పేరెత్తింది. కూతురు ఆ మాట అంటున్నప్పుడు శేషారత్నానికి తల కొట్టేసినట్టయింది, అదే క్షణంలో గుండె ఉప్పొంగింది కూడా. ఈ పిల్లని తను కన్నది అనుకుంది. సిగ్గూ గర్వమూ ఒకే కుర్చీలో కూర్చోవడం ఆమెకి అదే మొదటిసారి.

విమలగారు పరీక్ష ఆరునెలలు ఆపేశారు. భరిణెలోని నలభై ఒక్కమంది గుర్తులూ తల్లీకూతుళ్ళ కళ్ళ ముందే చెరిపించారు. హైమ మూడేళ్ళ కష్టం బీరువాలోకి వెళ్ళి తాళం పడింది. అంతా అయ్యాక ఆవిడ శేషారత్నాన్ని ఒకే ఒక మాట అడిగారు: ఆ నలభై ఒక్కమందికీ ఎవరు చెప్తారు?

నేనే చెప్తానండీ అంది శేషారత్నం.

ఇంటింటికీ తనే తిరిగింది. సంచిలో బ్లేడు, సూది, మామూలు దారం పెట్టుకుని, గుమ్మంలో నిలబడి, మిమ్మల్నడక్కుండా మీ జాకెట్లో ఒక దారం వేశానమ్మా అని మొదలుపెట్టేది. అది ఏం చేస్తుందో చెప్పేది. ఒప్పుకుంటే అక్కడే కూర్చుని ఆ కుట్లు విప్పి, మామూలు దారంతో మళ్ళీ కుట్టి ఇచ్చేది. కొందరు నవ్వేశారు. ఒకావిడ తలుపు మొహాన వేసింది. ఒకావిడ జాకెట్టు తెచ్చి, మాట్లాడకుండా పొయ్యిలో పడేసింది. రెండో రోజుకల్లా ఊళ్ళో తెలిసిపోయింది. పట్టికలో ఆమె పేరు కింద 'ఒంట్లో రహస్యాలు దొంగిలించే దర్జీ' అని ఎవరో రాశారు. ఆ మాట తీయించెయ్యమని తోడికోడళ్ళు పోరుపెట్టారు. నిజమే కదా, ఉండనివ్వండని శేషారత్నం ఒప్పుకోలేదు.

పద్ధెనిమిదో ఇల్లు నాగరత్తమ్మగారిది. డెబ్బయ్యేళ్ళ మనిషి. వరండాలో శేషారత్నం కుట్లు విప్పుతుంటే ఆవిడ చేటలో బియ్యం ఏరుకుంటూ, ఎట్టాగూ విప్పుతున్నావుగా, ఆ వీపు హుక్కు కూడా కాస్త పక్కకి జరుపు, మూడేళ్ళనుంచీ గుచ్చుకుంటోంది అంది.

బ్లేడు ఆగిపోయింది.

"మూడేళ్ళనుంచా? ప్రతిసారీ అడుగుతూనే ఉన్నాను గదండీ నేను."

"నువ్వడిగేది బాగుందా అనేగా. అంత ఆశగా మొహంలోకి చూస్తా బాగుందా అంటే బాలేదని ఎట్టా చెప్తామే? ఎక్కడ గుచ్చుకుందని అడిగితే అప్పుడే చెప్పేదాన్ని."

శేషారత్నం ఆ హుక్కు తీసి, పావు అంగుళం జరిపి కుట్టింది. కుడుతున్నంతసేపూ ఆవిడ మాటే లోపల తిరిగింది. అబద్ధం చెప్పింది జనం కాదు. ముప్ఫై రెండేళ్ళుగా తను అడిగిన ప్రశ్నకి ఒకటే జవాబుంది, మర్యాదున్నవాళ్ళందరూ ఆ జవాబే ఇచ్చారు.

మిగిలిన ఇళ్ళలో అలాగే అడిగింది. క్షమించమని ముందు అడిగి, కుట్లు విప్పాక, ఎక్కడ పట్టుద్దమ్మా అని అడిగేది. తిట్టినవాళ్ళు కూడా చెప్పారు. ఆ ప్రశ్న ముందు చెప్పకపోవడమే మొహమాటమైపోయింది. అలా నలభై ఇళ్ళూ పూర్తయ్యాయి. నలభై ఒకటో ఇల్లు సుభాషిణిది, ఆ తలుపు తెరుచుకోలేదు. మాఘంలో కుట్టిన ఆమె జాకెట్టుని చిన్న పిల్లవాడెవరో తెచ్చి దుకాణం గుమ్మంలో పెట్టి పోయాడు. శేషారత్నం ఆ దారం విప్పి తిరిగి పంపింది.

ఆ ఆరునెలలూ దుకాణం సగం ఖాళీ. శేషారత్నం గోడకి ఒక నల్ల అట్ట కొట్టింది. కుట్టించుకున్న ప్రతి ఒక్కరినీ, నచ్చినవాళ్ళనీ నచ్చనివాళ్ళనీ ఏరకుండా, తొడుక్కున్న వారానికి ఒకే మాట అడిగేది. ఎక్కడ పట్టింది? చెప్పినదాన్ని వాళ్ళు ఒప్పుకుంటేనే చీటీ మీద రాసి అట్టకి గుచ్చేది. పేరు వద్దంటే రాసేది కాదు. చెప్పినందుకు దువ్వెనలూ పర్సులూ ఏమీ ఇచ్చేది కాదు, చెప్పింది సరిచేసి మాత్రం ఇచ్చేది. 'చేతులు పొట్టి, విప్పి కుట్టారు.' 'మెడ నేనడిగినంత లోతు లేదు, రత్నమ్మగారితో పోట్లాడాను, అయినా పెట్టలేదు.' అదంతా అట్లాగే పట్టికలోకి కూడా వెళ్ళేది. పొగడ్తలే ఉన్న షోరూము చుక్కలు చూసి చూసి విసిగిన జనానికి, పోట్లాట కూడా రాసుకున్న దుకాణం మీద నమ్మకం కలిగింది. వెళ్ళిపోయినవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి వచ్చారు.

ఆర్నెల్ల తర్వాత హైమ దారాన్ని మార్చి తెచ్చింది. ఇప్పుడది పుట్టుకతో మూగది. తల్లి సలహా ఇచ్చినట్టే, తొడుక్కున్న మనిషి చంక కింద వేలాడే పోగుకి తన చేత్తో ముడి వేస్తేనే మాట మొదలుపెడుతుంది, విప్పితే ఆగిపోతుంది. భరిణె దుకాణంలో ఉండదు, కావాలనుకున్నవాళ్ళ వెంట వాళ్ళింటికి వెళ్తుంది. చీటీ ముందు వాళ్ళే చదువుకుంటారు. ఇయ్యాలనిపిస్తే ఇస్తారు. విమలగారు మళ్ళీ అనుమతించిన పత్రంలో ఈ ముడి ఆలోచన ఎవరిదని రాయాల్సిన చోట హైమ తల్లి పేరు రాసింది. శేషారత్నం ఆ కాయితాన్ని చేత్తో తడిమి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ తడిమింది.

మార్గశిరంలో ఒక సాయంత్రం సుభాషిణి దుకాణం మెట్లెక్కింది. రాజ్యలక్ష్మమ్మ చంకలో రెండు నెలల ఆడపిల్ల ఉంది. శేషారత్నం లేచి నిలబడి, కుర్చీ ముందుకి జరిపింది. సుభాషిణి బల్ల మీద గుడ్డ పెట్టి, పిల్లకి పాలివ్వడానికి ముందు హుక్కులున్న జాకెట్లు రెండు కావాలంది. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, ఆ దారం కూడా వెయ్యండి, ముడి నేను వేసుకుంటాను అంది.

శేషారత్నం ఆ రెండు జాకెట్లనీ తన జన్మలో ఏదీ కుట్టనంత శ్రద్ధగా కుట్టింది.

పది రోజులకి సుభాషిణి ఒక్కతే వచ్చింది. చేతిలో భరిణె, పొడుగాటి చీటీ ఉన్నాయి. శేషారత్నం చీటీ వైపు చూడలేదు, ఆమె మొహం వైపే చూసింది.

"ఎక్కడ పట్టిందమ్మా?"

సుభాషిణి చీటీని ఒకసారి పైనుంచి కిందికి చదువుకుంది. తర్వాత దాన్ని మధ్యకి చింపి, ఒక ముక్క మడిచి తన సంచిలో పెట్టుకుంది. రెండోది చాచింది.

"ఇది మీది పిన్నీ. మిగతాది నాది."

ఆ ముక్క మీద ఒకటే వరస ఉంది. 'ఎడమ చంక దగ్గర అర అంగుళం వదులు కావాలి.'

శేషారత్నం అప్పటికప్పుడు జాకెట్టు విప్పించి, వదులు చేసి ఇచ్చింది. సుభాషిణి వెళ్ళాక ఆ ముక్కని నల్ల అట్టకి సరిగ్గా నడుమ గుచ్చింది. చిరిగిన అంచు కత్తిరించలేదు. ఇప్పటికీ కొత్తగా వచ్చినవాళ్ళు ఇన్ని చీటీల మధ్య ఈ చింపిన ముక్కేమిటని అడుగుతారు. మిషను ఆపి, కళ్ళజోడు పైకి తోసుకుని, అది మా దుకాణానికొచ్చిన మాటలన్నిట్లోకీ పెద్దదమ్మా, అందుకే సగమే ఇచ్చారు అని చెప్పి, మళ్ళీ కుట్టుకోవడం మొదలుపెడుతుంది.